ఓణీల ఫంక్షన్‌కి నలుగురి కెమెరా ప్యాకేజీ: హైదరాబాద్‌లో ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

హైదరాబాద్‌లో ఓణీల ఫంక్షన్ గానీ పంచెకట్టు గానీ ఉందని స్టూడియోకి ఫోన్ చేస్తే, మియాపూర్ అయినా దిల్‌సుఖ్‌నగర్ అయినా వచ్చే కొటేషన్ ఇంచుమించు ఒకటే. ట్రెడిషనల్ ఫోటోకి ఒకరు, ట్రెడిషనల్ వీడియోకి ఒకరు, క్యాండిడ్‌కి (పోజు పెట్టించకుండా సహజంగా తీసే ఫోటోలకి) ఒకరు, సినిమాటిక్ వీడియోకి ఒకరు. కింద డ్రోన్, జిమ్మీ జిబ్ (పొడవాటి క్రేన్ చివర ఊగే కెమెరా), రెండు ఎల్‌ఈడీ స్క్రీన్లు, యూట్యూబ్ లైవ్, ముందుగా ఒక ఔట్‌డోర్ షూట్, 12 బై 36 సైజులో 40 షీట్ల ఆల్బమ్, మూడు నిమిషాల టీజర్, పూర్తి వీడియో. పెళ్ళికి అమ్మే ప్యాకేజీ ఇదే. పైన పేరొక్కటే మారింది.

చిక్కంతా అక్కడే ఉంది. పెళ్ళిలో పీటల మీద కూర్చునేది ఇద్దరు పెద్దవాళ్ళు. ఇక్కడ పదకొండో పదమూడో ఏళ్ళ పిల్ల. తెల్లవారకముందే లేచి, తలంటు పోసుకుని, రెండు రెండున్నర గంటలు మేకప్ కుర్చీలో కూర్చుని, పూలజడ, వడ్డాణం, వంకీలు, కంచిపట్టు బరువుతో స్టేజీ ఎక్కుతుంది. ఆ బరువు మోస్తూ నిజంగా నవ్వగలిగేది మహా అయితే రెండు మూడు గంటలు. ప్యాకేజీలో ఏ ఐటమ్ ఆ గంటల్ని కాపాడుతుంది, ఏది తినేస్తుంది అన్నదే ఈ సమీక్షకు కొలబద్ద.

అన్నిటికంటే ఎక్కువ తినేసేది స్టేజీ మీద గ్రూపు ఫోటోల వరుస. లెక్క వేసి చూడండి. 600 మంది అతిథులు ఆరుగురు చొప్పున వస్తే వంద గ్రూపులు. అక్షింతలు వేయడం, కవరు చేతికివ్వడం, సర్దుకుని నిలబడటం, రెండు క్లిక్కులు, దిగడం అన్నీ కలిపి గ్రూపుకి 40 సెకన్లు పట్టినా 67 నిమిషాలు. ఈ గంటకు పైగా పిల్ల నిలబడే ఉంటుంది, ముఖంలో అలసట ప్రతి ఫోటోకీ పెరుగుతుంది. ఆ తర్వాత తీసే అమ్మమ్మ తాతయ్యల ఫోటోలో, మేనమామ ఫోటోలో కనబడేది ఆ అలసటే. ఆల్బమ్‌లో పెద్ద సైజులో వేసుకోవాల్సిన ఫోటోలేమో అవే.

అమెరికాలో ఉండి ఇక్కడికొచ్చి ఫంక్షన్ చేసే కుటుంబాల్లో కొందరు స్నేహితుల ఇళ్ళలో యూదుల బార్ మిట్జ్వా చూసే ఉంటారు. అబ్బాయికి 13 ఏళ్ళు వచ్చినప్పుడు చేసే వేడుక అది. అమ్మాయికైతే 12కో 13కో బాట్ మిట్జ్వా చేస్తారు. అసలు క్రతువు ఎక్కువగా శనివారం, వాళ్ళ విశ్రాంతి దినమైన సబ్బాత్ రోజున ఉంటుంది. ఆ రోజు చాలా ప్రార్థనా మందిరాల్లో కెమెరా పనికిరాదు. అందుకని ఫోటోగ్రాఫర్లు అంతకుముందే ఒక మామూలు రోజున కుటుంబాన్ని రమ్మని, వాళ్ళ పవిత్ర గ్రంథమైన తోరా చుట్ట దగ్గర పిల్లవాడి ఫోటోలు, అమ్మానాన్నలతో, తాతయ్య నానమ్మలతో ఫోటోలు నిదానంగా తీసేసుకుంటారు. విందు రోజుకి మిగిలేది ఆటపాటలు, పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తి ఆడే హోరా. మనకు అలాంటి నిషేధం లేదు కాబట్టి అన్నీ తెచ్చి ముహూర్తం నెత్తిన పెడుతున్నాం.

ఆ పద్ధతిని ఇక్కడ తేలిగ్గా అమలు చేయొచ్చు. ముహూర్తం పదకొండింటికి అనుకుంటే మేకప్ ఎనిమిదింబావుకు పూర్తవ్వాలి. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా హాల్ ఖాళీగా ఉండగానే కుటుంబం ఫోటోలు. ఎవరెవరు ఎవరితో నిలబడాలో ఇరవై గ్రూపుల జాబితా ముందురోజే రాసి, చుట్టాలందరి పేర్లూ తెలిసిన ఒక బాబాయికో పిన్నికో ఇవ్వండి. పిలిచి నిలబెట్టేది వాళ్ళు, తీసేది ఫోటోగ్రాఫర్. గ్రూపుకి రెండు నిమిషాల చొప్పున 40 నిమిషాలు, మిగిలిన 20 నిమిషాలు పిల్లకి ఒంటరిగా. తర్వాత అరగంట వడ్డాణం వదులు చేసి, రెండు ఇడ్లీలు తినిపించి కూర్చోబెట్టాలి. ఈ గంటన్నర గురించి చెప్పినప్పుడు స్టూడియోవాళ్ళు ‘స్టేజీ మీద చూసుకుందాంలెండి’ అంటే, అది వద్దనుకోవలసిన స్టూడియో.

ఇక మనుషుల సంగతి. ఇన్‌స్టాగ్రామ్ చూసి క్యాండిడ్ మనిషి కోసం డబ్బు పెడతారు, ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్‌ని లెక్కలోకి తీసుకోరు. మా అంచనాలో వరుస తలకిందులైంది. మేనమామ సారె పళ్ళాలు ఎప్పుడు గేటు దాటతాయో, పంతులుగారు ఎప్పుడు ఓణీ అందుకోమంటారో, హారతి ఎటు తిరుగుతుందో కంఠతా వచ్చినవాడు ట్రెడిషనల్ మనిషే. ఓణీ కప్పే ఘట్టం అంతా కలిపి అర నిమిషం, ముప్పావు నిమిషం. ఆ సమయానికి మేనత్తలు, పెద్దమ్మలు చుట్టూ మూగి కెమెరాకి వీపులు మాత్రమే మిగులుతాయి. అనుభవమున్నవాడు పది నిమిషాల ముందే పంతులుగారితో ఒక మాట చెప్పి, ఆడపడుచుల్ని రెండు పక్కలా సర్ది, ఎదురుగా నాలుగడుగుల సందు ఉంచుతాడు. ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా ఈ పని లెన్స్ చేయదు. కొన్ని ఇళ్ళలో పిల్ల లోపలికెళ్ళి ఓణీ కట్టుకుని వస్తుంది. అలాంటప్పుడు తలుపు తీసి బయటికొచ్చే మొదటి అడుగే అసలు ఫోటో, దానికి గుమ్మం ఎదురుగా ఒక కెమెరా కదలకుండా ఉండాలి.

క్యాండిడ్ మనిషి అవసరమే, కానీ స్టేజీ మీద కాదు. మంగళస్నానం, నలుగు, జడ అల్లడం, తాతయ్య కింద కూర్చుని చూస్తున్న ముఖం, ఇవి అతని చోటు. 35 ఎంఎం, 85 ఎంఎం లెన్సులు రెండుంటే చాలు. ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆడపిల్ల ఫంక్షన్‌కి, ముఖ్యంగా పెద్దమనిషి అయిన సందర్భంలో చేసే వేడుకకి, స్నానం దగ్గరా ముస్తాబు గదిలోనూ మహిళా ఫోటోగ్రాఫరే ఉండాలి. తడిసిన బట్టల్లో ఉన్న పదమూడేళ్ళ పిల్ల చుట్టూ ముగ్గురు మగవాళ్ళు కెమెరాలు పట్టుకుని నిలబడటం ఏ ప్యాకేజీలోనూ మామూలు విషయం కాకూడదు. హైదరాబాద్‌లో ఆ పని చేసే అమ్మాయిలు దొరుకుతారు. నెల ముందే అడగాలి. దొరక్కపోతే ఆ భాగం ఇంటి ఆడవాళ్ళే ఫోన్లో తీసుకోవడం మేలు.

మంచి ముహూర్తాల రోజుల్లో ఒకే స్టూడియోకి మూడు నాలుగు ఫంక్షన్లు ఉంటాయి, బయటినుంచి రోజు కూలీ మీద కెమెరామెన్లని తెచ్చి సర్దుతారు. మీకు చూపించిన ఆల్బమ్ తీసిన మనిషి మీ హాలుకి రాకపోవచ్చు. ఒప్పందంలో ‘నలుగురు వస్తారు’ అని కాకుండా ఆ నలుగురి పేర్లు రాయించుకోండి, వాళ్ళు తీసిన ఒక పూర్తి ఫంక్షన్ చూడండి. ఏరి పెట్టిన ముప్పై ఫోటోలు చూసి ఏమీ తేల్చలేం. సామాన్యమైన వెలుతురులో, సామాన్యమైన హాల్లో మొదటి నుంచి చివరి దాకా తీసిన ఐదు వందలు చూస్తే తెలుస్తుంది.

వెలుగు దగ్గర పాడయ్యేటన్ని ఫోటోలు మిగతా కారణాలన్నీ కలిపినా పాడవవు. పొద్దున్న అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నలుగు పెడతారు, పైన ఎరుపూ ఆకుపచ్చా రంగుల షామియానా వేస్తారు. ఎండ ఆ గుడ్డలోంచి దిగి పిల్ల ముఖం సగం ఎర్రగా, సగం పచ్చగా పడుతుంది. తర్వాత ఏ ఎడిటింగూ దాన్ని పూర్తిగా తీయలేదు, ఎందుకంటే ఒకే ముఖం మీద రెండు రంగుల వెలుగుంది. డెకరేషన్ వాళ్ళకి తెల్ల గుడ్డే వేయమని చెప్పడం ఒక్కటే మందు. ఇంకొకటి, పసుపు ఫ్రేమంతా నిండినప్పుడు కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని తనంతట తానే సరిచేసే అమరిక) ఆ పసుపుని తప్పనుకుని నీలం వైపు లాగేస్తుంది. పసుపు వెలిసిపోయి ముఖం పాలిపోతుంది. అక్కడ వైట్ బ్యాలెన్స్‌ని 5200 నుంచి 5600 కెల్విన్ మధ్య చేత్తో సెట్ చేసి వదిలేయాలి. నలుగు నూనె, పసుపు నీళ్ళ తుంపరలు లెన్స్ మీద పడతాయి కాబట్టి యూవీ ఫిల్టర్, రెండు పొడి గుడ్డలు కూడా అడగదగ్గవే.

కన్వెన్షన్ హాల్లోకి వచ్చాక కష్టం ఇంకోరకం. సీలింగ్ ఇరవై అడుగుల పైనే ఉంటుంది, ఫ్లాష్ పైకి తిప్పి కొట్టినా వెలుగు తిరిగి రాదు. నేరుగా కొడితే జరీ, పాపిటబిళ్ళ, వడ్డాణం రాళ్ళు తెల్లటి చుక్కలైపోతాయి. స్టేజీకి రెండు పక్కలా ఏడెనిమిది అడుగుల ఎత్తు స్టాండ్ల మీద గొడుగుతోనో సాఫ్ట్‌బాక్స్‌తోనో ఫ్లాష్‌లు పెట్టించాలి. స్టాండ్ల కాళ్ళ మీద ఇసుక బస్తాలు తప్పకుండా ఉండాలి, పిల్లలు పరిగెత్తే చోటది. వీడియో లైటు సూటిగా కళ్ళలో కొట్టినంతసేపూ పిల్ల కళ్ళు చికిలిస్తూనే ఉంటుంది. లైటు పక్కకి 45 డిగ్రీలు జరిపి ముందు తెల్లటి పలుచని గుడ్డ కడితే సరిపోతుంది. ఇది రెండు నిమిషాల పని, అయినా అడగనిదే ఎవరూ చేయరు.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ మీద పాప పేరు మెరిపించడం ఇప్పుడు ప్రతి హాల్లోనూ ఉంది. ఫోటోలో నల్లటి అడ్డచారలు, గజిబిజి గీతలు వచ్చేది దానివల్లే. సైలెంట్ మోడ్ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే చారలు మరీ ఎక్కువ. మెకానికల్ షట్టర్ వాడాలి, వేగం 1/50 నుంచి 1/125 మధ్య ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీడియో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 ఉంటే హాలు లైట్ల మినుకు పడదు. అమెరికా బంధువుల కోసమని 30 ఫ్రేములు, 1/60లో తీస్తే వీడియో అంతా లైట్లు మినుకుతున్నట్టు కనిపిస్తుంది. గజిబిజి గీతలు పోవాలంటే పీటలు వాల్‌కి ఎనిమిది పదడుగులు ముందుకి జరపాలి, వాల్ వెలుగు పావు వంతుకి తగ్గించాలి. ఊదా, నీలం పార్‌క్యాన్లు (స్టేజీ రంగు లైట్లు) ముఖం మీద పడనివ్వొద్దు. ముందు వైపు రెండు వార్మ్ వైట్ లైట్లు చాలు. డెకరేషన్ అతనూ కెమెరా అతనూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అది ఇంటివాళ్ళే కుదర్చాలి.

గులాబీ, ఎరుపు పట్టుకి ఒక ప్రత్యేకమైన జబ్బుంది. మొత్తం వెలుతురు సరిగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఒక్కటే నిండిపోయి, మడతలూ బుటాలూ కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది. కెమెరాలో ఎరుపు హిస్టోగ్రామ్ (ఆ రంగు ఎంత నిండిందో చూపే గ్రాఫ్) విడిగా చూసి కాస్త తగ్గించి తీయాలి. అక్కకి ఓణీలు, తమ్ముడికి పంచె ఒకేరోజు చేసే ఇళ్ళు ఎక్కువవుతున్నాయి. అక్క ముదురు పట్టులో, తమ్ముడు మీగడరంగు పంచెలో పక్కపక్కన కూర్చుంటే పంచెకి తగ్గట్టే ఎక్స్‌పోజర్ పెట్టాలి. నీడల్ని తర్వాత లేపొచ్చు, తెల్లబోయిన పంచెలో కుచ్చిళ్ళు తిరిగి రావు. అబ్బాయి పంచె లోపల బెల్టు లేకపోతే స్టేజీ మీద అరగంటకొకసారి జారుతుంది, వాడి ధ్యాసంతా దానిమీదే ఉంటుంది, అది ప్రతి ఫోటోలోనూ తెలుస్తుంది.

జిమ్మీ జిబ్ వద్దు. అతిథుల కళ్ళకి అడ్డం, పిల్లకి భయం, వచ్చే షాట్లు పూర్తి వీడియోలో రెండు నిమిషాలకి మించవు. డ్రోన్ హాల్ లోపల అనవసరం. బయట ఎగరేయాలన్నా బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ విమానాశ్రయాల, వైమానిక స్థావరాల చుట్టూ ఉన్న నిషేధ పరిధి నగరంలో చాలా మేర ఆక్రమించింది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేకపోయినా రెడ్ జోన్‌లో (ఎగరేయడం నిషేధించిన పరిధిలో) అనుమతి తప్పదు. మీ హాల్ ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఎల్‌ఈడీ స్క్రీన్లు మాత్రం పెట్టించండి. స్టేజీ చుట్టూ కెమెరాలు నిలబడ్డాక వెనక వరుసలో ముసలివాళ్ళకి క్రతువు కనబడే దారి అదొక్కటే.

యూట్యూబ్ లైవ్ మంచి సేవ, అందులో రెండు ఉచ్చులున్నాయి. డీజే సినిమా పాట వేయగానే కాపీరైట్ వ్యవస్థ ఆ లైవ్‌ని మధ్యలో ఆపేయవచ్చు. డల్లాస్‌లో అర్ధరాత్రి దాకా మేలుకున్న నానమ్మకి సరిగ్గా ఓణీ వేసే వేళకి ఖాళీ తెర మిగులుతుంది. క్రతువు జరిగినంతసేపూ నాదస్వరం, డోలు మాత్రమే ఉంచండి. రెండోది, హాల్లో ఆరు వందల ఫోన్లు ఒకే టవర్‌ని పంచుకుంటాయి కాబట్టి మొబైల్ హాట్‌స్పాట్ నమ్మకూడదు. హాల్ ఇంటర్నెట్ తీగ స్టేజీ దాకా లాగించండి. లింకు పబ్లిక్‌గా పెట్టనివ్వకండి, లింకు ఉన్నవాళ్ళకే కనిపించే అన్‌లిస్టెడ్ చాలు.

ఔట్‌డోర్ షూట్ ఫంక్షన్‌కి వారం ముందైతే సరే, ముందురోజైతే వద్దు. మేలో మొయినాబాద్ ఫామ్‌హౌస్ ఎండలో నాలుగు డ్రెస్సులు మార్చిన పిల్ల మర్నాడు ముఖం కందిపోయి పీటల మీదికొస్తుంది. గోల్కొండ లాంటి చోట కేంద్ర పురావస్తు శాఖ నిబంధనలుంటాయి, ట్రైపాడ్, లైట్లు పట్టుకెళ్ళాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. రెండు డ్రెస్సులు, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది, అంతే.

ఆల్బమ్ దగ్గర నిదానించాలి, ముప్పై ఏళ్ళు ఇంట్లో ఉండేది అదే. 12 బై 36 షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చవ్వాలంటే 10,800 బై 3,600 పిక్సెల్స్ కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో వెడల్పు 6,000 పిక్సెల్సే. అంటే ఒకే ఫోటోని షీటంతా పరిస్తే అంగుళానికి 166 చుక్కలు మాత్రమే మిగులుతాయి, దాన్ని ఇంకా కత్తిరిస్తే ముఖం మెత్తబడిపోతుంది. షీటంతా పరిచేవి నాలుగైదుకు మించొద్దు, అవి వెడల్పు కత్తిరించని ఫోటోలై ఉండాలి. మడత సరిగ్గా 18వ అంగుళం దగ్గర పడుతుంది. గ్రూపు ఫోటోలో మధ్యలో నిలబడిన పిల్ల ముఖం చీలిపోయేది అక్కడే. ప్రూఫ్ వచ్చినప్పుడు ప్రతి షీటు మధ్యన గీత గీసుకుని చూడండి. 40 షీట్లకి 160 నుంచి 200 ఫోటోలు సరిపోతాయి. స్టూడియో ఇచ్చే మూడు వేల నుంచి ఆ రెండు వందలు ఏరడం ఇంటివాళ్ళ పని, ఆల్బమ్ నెలల తరబడి ఆగేది కూడా ఈ మెట్టు దగ్గరే. ఇద్దరు కూర్చుని రెండు ఆదివారాల్లో ముగించేయండి.

రెండు కెమెరాల్లోనూ ఒకే ఫైలు నంబర్లు పడే ప్రమాదం ఉంది. మీరు 4512 అని రాసిస్తే డిజైనర్ వేరే కెమెరా 4512 వేస్తాడు, మేనమామ చోట వంటవాళ్ళు వస్తారు. పొద్దున్నే కెమెరాలన్నిటి గడియారాలూ ఒకే సమయానికి కలపమని, ఫైలు పేరుకి ముందు ఒక్కో కెమెరాకి ఒక్కో అక్షరం పెట్టమని చెప్పండి.

డిజైన్‌లో ఒక విషయం మీద రాజీ వద్దు. చాలా స్టూడియోలు అడగకుండానే పిల్ల ముఖాన్ని రెండు మూడు ఛాయలు తెల్లగా చేసేస్తాయి, మొటిమలతో పాటు పుట్టుమచ్చలూ తుడిచేస్తాయి. తన రంగు బాగాలేదని పదమూడేళ్ళ వయసులో సొంత ఆల్బమే చెబితే ఆ మాట లోపల ఎక్కడో నాటుకుపోతుంది. ‘చర్మం రంగు మార్చకూడదు, పుట్టుమచ్చ తీయకూడదు’ అని ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. రెక్కలు, కిరీటాలు, ‘ప్రిన్సెస్’ అక్షరాలు ఉన్న రెడీమేడ్ బ్యాక్‌గ్రౌండ్లు కూడా వద్దనండి. పట్టు రంగుకి నప్పే సాదా నేపథ్యం ఎప్పటికీ పాతబడదు.

డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోలకి, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ కింద మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అందుకే సంతకం పెట్టే కాగితంలో హక్కు స్టూడియోకి పోయే వాక్యం ఉందేమో చూడాలి. ప్రచారానికి వాడుకుంటామని చిన్న అక్షరాల్లో ఉంటే కొట్టేయించండి. మీ అనుమతి లిఖితంగా లేకుండా ఒక్క రీల్ కూడా పెట్టకూడదని రాయించండి. పక్కా బిల్లు అడిగితే స్టూడియో జీఎస్టీ పరిధిలో ఉన్నప్పుడు 18 శాతం కలుస్తుంది, కొటేషన్ తీసుకునేటప్పుడే అది కలిపి చెప్పమనండి.

చివరి విడత డబ్బు ఒరిజినల్ డేటా చేతికొచ్చాకే ఇవ్వాలి. 100 ఎంబీపీఎస్‌లో తీసిన 4కే వీడియో గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఐదేసి గంటలు తీస్తే 450 జీబీ, ఫోటోల రా ఫైళ్ళు (కెమెరా నుంచి వచ్చిన ఎడిట్ చేయని ఫైళ్ళు) ఇంకో వంద. మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టేది కాదు. 1 టీబీ హార్డ్‌డిస్కులు రెండు మీరే కొని, ఫంక్షన్ అయిన మూడో రోజున స్టూడియోకి తీసుకెళ్ళి రెండింటిలోనూ కాపీ చేయించండి. అక్కడే కూర్చుని ప్రతి ఫోల్డర్‌లో మొదటి ఫైలు, చివరి ఫైలు తెరిచి చూడండి. ఒకటి మీ ఇంట్లో, రెండోది మేనమామ ఇంట్లో ఉంచండి. స్టూడియో తన కాపీని ఎన్ని నెలలు ఉంచుతుందో బిల్లు మీదే రాయించుకోండి.